గుంత వీడియోలో ఉంటుంది, సంతకం ఎం-బుక్‌లో ఉంటుంది

సంపాదకులకు,

హైదరాబాద్‌లో రోడ్డు కుంగినా, నాలా పొంగినా పది నిమిషాల్లో వీడియో ఫోన్లలో తిరుగుతోంది. మంచిదే. కానీ అందులో దొరికిపోయేది ఎవరు? పార పట్టుకున్న కూలీ, పక్కన నిలబడ్డ వర్క్ ఇన్‌స్పెక్టరు. బిల్లు పాస్ చేసినవారు ఏ కెమెరాకూ చిక్కరు, ఫైల్లో ఉంటారు. ఆ ఫైలు చూపమని అడిగే హక్కు సమాచార హక్కు చట్టం కింద 2005 అక్టోబరు 12 నుంచి ఉంది. అడగడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు.

‘మా వీధి రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పాడైంది?’ అని రాస్తే దరఖాస్తు అక్కడే చచ్చిపోతుంది. ఎందుకు, ఎలా అన్నవి సంజాయిషీలు, సమాచారం కాదు. రికార్డులో ఉన్నదే ఇవ్వాలి తప్ప లేనిదాన్ని తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. కాబట్టి కాగితాలను అడగాలి: మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పని పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ముగిసే తేదీ. పని ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ ఆర్థిక సంవత్సరమో రాయాలి. ‘పదేళ్ల రోడ్లన్నీ’ అంటే ‘వచ్చి ఫైళ్లు చూసుకోండి’ అన్న జవాబు వస్తుంది.

వీటన్నింటిలో ఎం-బుక్ ముఖ్యం. పొడవు, వెడల్పు, మందం, కొలిచిన తేదీ, కొలిచిన ఇంజనీరు సంతకం, పై అధికారి సరిచూసిన గుర్తు అందులోనే ఉంటాయి. తారు పొర 40 మిల్లీమీటర్లని అక్కడ రాసి, రోడ్డు అంచున ఊడిన పెచ్చు స్కేలు మీద 20 దాటకపోతే, అది వీడియో కంటే గట్టి రుజువు. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మనే హక్కు కూడా సెక్షన్ 2(జె)లో ఉన్నాయి. వీటిని వాడుకునేవారు మాత్రం అరుదు.

ఖర్చు పెద్దది కాదు. దరఖాస్తుకు పది రూపాయలు, ఏ4 పేజీకి రెండు రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటాక ఇస్తే ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతోంది. అయినా పేజీల డబ్బు కట్టమని ఉత్తరం వస్తే తేదీలు చూపించి అడ్డం తిరగండి. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఇక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు. ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. తప్పు తేలితే సమాచారం ఇవ్వాల్సిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా. ఇదంతా కమిషన్ పనిచేస్తేనే. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేరు. ఆ రెండేళ్లకు పైగా జరిమానా భయం ఎవరికుంటుంది?

ఇప్పుడు కొత్త చిక్కు. వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఉండేందుకు వీలిచ్చే సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా మార్చారు. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. ఇక ఏ పేరు అడిగినా ‘వ్యక్తిగతం’ అనడం సులువు. అయితే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) అలాగే ఉంది. దాన్ని దరఖాస్తులోనే ఉటంకించండి. పేరు బదులు హోదా, సంతకం చేసిన తేదీ అడగండి. ఆ హోదాలో అప్పుడు ఎవరున్నారో తెలుసుకోవడం కష్టం కాదు. సెక్షన్ 4(1)(బి) ప్రకారం అధికారుల జాబితాను కార్యాలయాలే ప్రకటించాలి. ఎవరి ఫోన్ నంబరో, ఇంటి చిరునామానో మనకెందుకు? అడగకపోవడమే మర్యాద.

మీ పత్రికకూ ఒక విన్నపం. పాడైన రోడ్డు ఫొటో వేసినప్పుడు దాని కింద అగ్రిమెంట్ నంబరు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఏ తేదీతో ముగుస్తుందో కూడా వేయండి. గడువులో ఉన్న రోడ్డుకు మరమ్మతు కాంట్రాక్టరు సొంత ఖర్చుతో చేయాలి. ఆ తేదీ తెలియకే ఒకే గుంతకు మళ్లీ మళ్లీ బిల్లు పడుతున్నా ఎవరూ పట్టుకోలేకపోతున్నారు.

— ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్