మూడు నెలలు ఎలుకలు ఇవ్వలేను

మీరు పెంచుకునే బాల్ పైథాన్లకు, అంటే చిన్న రకం కొండచిలువలకు, నాలుగేళ్లుగా నా దగ్గరే ఎలుకలు తీసుకుంటున్న మీకు ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి. గొల్లపూడి షెడ్డు ఖాళీ. మూడు నెలల దాకా పింకీ, అంటే అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల కూడా లేదు.

ఒకే రక్తంలో పుట్టీ పుట్టీ పిల్లల సైజు తగ్గుతోందని ఏప్రిల్‌లో బయటి బ్రీడరు దగ్గర పన్నెండు ఎలుకలు కొన్నాను. ‘క్లీన్ స్టాక్ అన్నా’ అన్నాడు. నెల రోజులు విడిగా ఉంచాల్సింది, వారానికే పాతవాటితో కలిపేశాను. తప్పు చెరి సగం అంటుంది మా ఆవిడ. నా లెక్కలో అతనిది ముప్పావు. ఫోన్ చేస్తే ‘మీ విజయవాడ ఎండకి తుమ్ముతున్నాయేమో’ అన్నాడు. ఎండకి ఎలుక సోలిపోతుంది గానీ తుమ్మదు బాబూ.

ఒక రాత్రి లైట్లు ఆర్పి షెడ్డులో నిలబడితే ఒక డబ్బాలోంచి టిక్కుటిక్కుమని ఊపిరి చప్పుడు. టార్చి వేస్తే తెల్ల ఎలుక కంటి కింద కుంకుమ రాసినట్టు ఎరుపు. తడి దూదితో తుడిస్తే గులాబీ రంగు దిగింది. అది రక్తం కాదు, పార్ఫిరిన్ అనే ఎర్రటి రంగు పదార్థం. ఎలుకకు ఒంట్లో బాగాలేకపోయినా, బెదిరినా కంటి వెనక గ్రంథి నుంచి కారుతుంది. టెస్టులో మైకోప్లాస్మా పల్మోనిస్ అని, ఎలుకల ఊపిరితిత్తులకు పట్టే క్రిమి పేరు వచ్చింది. ఇంకో తప్పు పూర్తిగా నాదే. మేలో కుర్రాడు సెలవు పెట్టాడని మూడు రోజులకోసారి మార్చే ఊకని ఆరు రోజులు ఉంచాను. ఉచ్చలోంచి లేచే అమ్మోనియా ఈ జబ్బుని ముదరబెడుతుంది.

డాక్సీసైక్లిన్ ఇస్తే తుమ్ములు తగ్గుతాయి, క్రిమి పోదు. తల్లి కడుపులోనే పిల్లలకూ అంటుకోవచ్చు. మూడు రాత్రులు నిద్ర లేదు. ఈతకు ఉంచుకున్న ఎలుకలు మొత్తం యాభై ఎనిమిది. ఈతకు పన్నెండు పిల్లలకు తగ్గని, చెయ్యి పెడితే ఒక్కసారీ కరవని గోధుమరంగు తల్లి కూడా వాటిలోనే ఉంది. పాములకి వేసేవాడికి ఎలుకల మీద బాధేంటని నవ్వేవాళ్లు నవ్వండి. అన్నిటి ప్రాణం తీసేసి, గొయ్యి తవ్వి సున్నం పోసి పూడ్చాం. ‘ఫ్రీజర్లో పెట్టి సగం రేటుకి ఇచ్చెయ్, పాముకేం తెలుస్తుంది’ అన్నారొకరు. ఇది ఎలుకల జబ్బు, పాములకు భయం లేదని డాక్టరు గారూ చెప్పారు. అయినా రోగంతో చిక్కిన ఎలుకని నా పేరు మీద అమ్మను. వేరేచోట కొని నావని చెప్పి ఇవ్వడం కూడా జరగదు.

ఏప్రిల్ తర్వాత నా దగ్గర తీసుకున్నవి మీ ఫ్రీజర్లో ఉంటే పడేయండి, డబ్బు వెనక్కిస్తాను. అడ్వాన్సులు నిన్ననే పంపేశాను. ఈలోగా ఎవరి దగ్గర కొన్నా ముక్కు, కళ్లు చూసి కొనండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, గడ్డకట్టించినంత మాత్రాన మనుషులకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమి చావదు.

కొత్త జతలు వస్తే ముందు నెల రోజులు మా మేడ మీద గదిలో ఉంటాయి. ఆ తర్వాత ఈతకు ఇంకో ఇరవై రెండు రోజులు. తొందరపెట్టకండి. షెడ్డు చూస్తామంటే ఆదివారం రండి, కానీ ఇంకెవరి ఎలుకలనైనా ముట్టుకున్న రోజు మాత్రం గేటు దాటనివ్వను.