నీ పాఠకుల కోపం గురించి

తల్లీ,

నీ నవలకి వచ్చిన ఉత్తరాల కట్ట అందింది. రెండుసార్లు చదివాను. రెండో ముద్రణలో తీర్పు మార్చేసి ముద్దాయికి శిక్ష వేయిద్దామనుకుంటున్నావని రాశావు కదా, అది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ఆ ఉత్తరాల్లో ఎక్కువసార్లు కనిపించిన మాట 'అన్యాయం'. చదవగా చదవగా తట్టింది, ఆ ఒక్క మాటతో జనం రెండు వేరువేరు సంగతులు చెబుతున్నారు. నువ్వు అన్యాయం చేశావని కొందరు. కథలో అన్యాయం జరిగిందని కొందరు. మొదటివాళ్లకి నువ్వు జవాబు చెప్పాలి.

ఆ లాయరుగారి ఉత్తరమే తీసుకో. నీ డిఫెన్స్ లాయరు తన సొంత సాక్షిని బోనులో నిలబెట్టి, "ఆ రాత్రి తొమ్మిదింటికి ముద్దాయి మీ ఇంట్లోనే ఉన్నాడు కదా?" అని అడుగుతాడు. జవాబుని నోటికి అందించే ప్రశ్న అది. ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ చేసేటప్పుడైతే అడగొచ్చు. సొంత సాక్షిని చీఫ్‌లో, అంటే తను పిలిచిన సాక్షిని తనే మొదట విచారించేటప్పుడు, అదీ అసలు వివాదం మీదే అలా అడిగితే అవతలి లాయరు ఊరుకోడు, ప్రశ్న పూర్తికాకముందే లేచి నిలబడతాడు. నీ కథలో ఆయన కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లు కోర్టులో స్టెనోగా కూర్చున్నాను, అచ్చుకి ముందు రాతప్రతి చదివాను, అయినా నా కంట పడలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. దిద్దేద్దాం. దిద్దుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంగ్లీషు నవలాకారుడు విల్కీ కాలిన్స్ లా చదివి 1851లో బార్‌లో చేరినవాడు. తేదీల మీదే మిస్టరీ అంతా నడిచే నవల రాస్తే, 1860లో టైమ్స్ పత్రిక సమీక్షకుడు ఆ తేదీల్లో పక్షం రోజుల తేడా ఉందని లెక్కకట్టి చూపించాడు. కాలిన్స్ తర్వాతి ముద్రణలో సరిచేశాడు.

రసీదు సంగతి రాసినామె కోపమూ న్యాయమే. నీ ఇన్‌స్పెక్టరు మూడో అధ్యాయంలో దాన్ని జేబులో వేసుకున్నాడు, అందులో ఏముందో మాకు ఆఖర్న గాని చెప్పలేదు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలని డిటెక్టివ్ కథలు రాసిన రొనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం రాసిపెట్టాడు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన నవల ముగింపు చూసి మోసం అని గోల చేసినవాళ్లున్నారు. కానీ దాన్ని మళ్లీ మొదటినుంచి చదువు, ఆధారాలన్నీ మన కళ్ల ముందే ఉంటాయి. నువ్వు మాత్రం దాచావమ్మా.

ఇక తీర్పు. దాని జోలికి పోకు.

1893 డిసెంబరులో కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో చంపేస్తే 20,000 మందికి పైగా ఆ కథలు అచ్చువేసే పత్రికకి చందా మానేశారంటారు. ఎన్నడూ పుట్టని మనిషి కోసం! నీ మీద వచ్చిన కోపమూ అలాంటిదే, దాన్ని ద్వేషం అనుకోకు. చివరికి డాయల్ కూడా లొంగాడు కదా అంటావేమో. నిజమే, 1903లో బతికించాడు. కానీ అక్కడ జనం అడిగింది ఒక మనిషిని. నిన్ను అడుగుతున్నది తీర్పుని. తీర్పు సాక్ష్యం మీద నిలబడాలి. నీ ప్రధాన సాక్షి ఎదురు తిరిగాడు. కత్తి మీద వేలిముద్రలు లేవు. అంత మాత్రం సాక్ష్యంతో ఏ జడ్జి అయినా సంశయలాభం ఇవ్వాల్సిందే. ఇప్పుడు జనం కోసం శిక్ష వేయిస్తే, ఆ మొదటి రకం అన్యాయం నువ్వు నిజంగా చేసినట్టవుతుంది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి. ఒక హత్య కేసులో ముద్దాయిని విడుదల చేస్తూ జడ్జిగారు తీర్పు చదివారు. డిక్టేషన్ తీసుకుని టైపు చేసింది నేనే కాబట్టి ఒక్కో వాక్యం నాకు ముందే తెలుసు. హాలు ఖాళీ అయ్యాక చనిపోయిన అబ్బాయి తండ్రి నా బల్ల దగ్గరికొచ్చి, చేతిలో తువ్వాలు మడతపెడుతూ, "ఏమని చెప్పారు బాబూ?" అని అడిగాడు. నేరం రుజువు కాలేదని చెప్పాను. తువ్వాలు విప్పి మళ్లీ మడతపెట్టాడు. "అయితే మా వాణ్ణి ఎవరూ చంపలేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నీ చివరి అధ్యాయంలో ఆ తల్లి కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయినప్పుడు నాకు ఆయనే కనిపించాడు. ఆ పేజీ కొట్టేస్తావా?

కట్టలో అడుగున ఒక పోస్టుకార్డు ఉంది, చూశావో లేదో. పేరు లేదు, చిరునామా మాత్రం ఉంది. ఒకటే వాక్యం: "ఆ తల్లి తర్వాత ఇంటికి ఎలా వెళ్లింది?" ముందు దానికి జవాబు రాయి. లాయరుగారికి నేను రాస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే. కొత్త ప్రూఫులు రాగానే పంపించు.

ఆశీస్సులతో,
నాన్న