ఫిల్ము చూశారు సరే, మోకాలు చూశారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో మోకాళ్ల నొప్పుల మీద వచ్చిన వ్యాసంలో, ఎమ్మారై తీయిస్తే అసలు సంగతి తేలిపోతుందని రాశారు. చెన్నైలో ఎమ్మారై మిషను దగ్గర చాలా ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచి పొద్దున బండికొచ్చి సెంట్రల్లో దిగి, నేరుగా స్కాన్ సెంటరుకి వచ్చేవాళ్లు మనవాళ్లు. తెలుగు తెలిసినదాన్నని వాళ్లను నాకే అప్పజెప్పేవారు. చీటీ మీద ‘ఎమ్మారై, కుడి మోకాలు’ అని మాత్రం ఉండేది. నొప్పి లోపలివైపా బయటివైపా, కిందపడ్డారా, కాలు మధ్యలో పట్టేస్తోందా, ఒక్క ముక్క రాసి ఉండేది కాదు. “డాక్టరుగారు కాలు మడిచి, తిప్పి చూశారా పెద్దమ్మా?” అంటే, “లేదమ్మా, ముందు స్కాను తెమ్మన్నారు” అనేవారు. ఆ చీటీని పట్టుకునే రేడియాలజిస్టు, అంటే ఫిల్ములు చదివే డాక్టరు, రిపోర్టు రాయాలి.

మోకాలి కీలులో లోపలివైపొకటి, బయటివైపొకటి, నెలవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి, మెనిస్కస్‌లు. ఎముకల చివర పూతలా ఉండే గుజ్జు వేరు, ఇవి వేరు. ఫిల్ములో ఇవి నల్లగా కనబడాలి. చీలిక ఉంటే అందులో తెల్ల గీత పడుతుంది. చిక్కంతా ఆ గీతతోనే. గీత మెత్త లోపలే ఉండి పైకి రాకపోతే, పెద్దవాళ్లలో అది చాలావరకు వయసుతో వచ్చిన మార్పే. రిపోర్టుల్లో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాసేది దాన్నే. గీత మెత్త ఉపరితలాన్ని తాకితేనే గ్రేడ్ 3, అంటే చీలిక. అదీ ఒక్క ఇమేజ్‌లో కాకుండా కనీసం రెండింటిలో తాకితే నమ్మకం పెరుగుతుంది. గ్రేడ్ 2 అన్న అంకె చూసి సగం చిరిగిపోయిందనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను నేనే ఓదార్చాను.

లేని చీలిక ఉన్నట్టు కనబడడానికి కారణాలు చాలా ఉన్నాయి. రెండు మెత్తలను ముందువైపు కలుపుతూ అడ్డంగా ఒక లిగమెంటు, అంటే పట్టీలాంటి నార, పోతుంది. బయటి మెత్తకు అది అతుక్కునేచోట సందు అచ్చం చీలికలాగే ఉంటుంది. వెనకవైపు పాప్లిటియస్ అనే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ పక్కనా ఇదే తంతు. మెత్తలోని పోగులు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల కోణంలో పడితే, కొన్ని రకాల ఇమేజ్‌లలో నల్లగా ఉండాల్సింది తెల్లబడుతుంది. మోకాలి వెనక రక్తనాళం కొట్టుకోవడం వల్ల కూడా ఫిల్ము మీద గీతలు పడతాయి. ఇక ముసలివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఏసీ చలికి కాలు వణుకుతుంది, కదలొద్దంటే భయానికి ఇంకా కదులుతుంది. బయట ఇంకో పదిమంది వెయిటింగ్. మళ్లీ తీద్దామంటే మేనేజరు మొహం చూడాలి! అట్లని ఉన్న చీలికలన్నీ దొరుకుతాయనీ కాదు. బయటి మెత్తలో చిన్నవి తప్పిపోతుంటాయి.

సరే, చీలిక నిజంగానే ఉందనుకుందాం. నొప్పి దానివల్లేనా? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల మధ్య 991 మందికి, నొప్పి ఉందా లేదా అని ఎంచకుండా, మోకాలి ఎమ్మారై తీశారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. మెనిస్కస్ చీలిక కనబడినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఏ నొప్పీ, ఏ బిగుతూ లేదు. 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు 146 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చిరిగిన ముక్క కత్తిరించారు, రెండో జట్టుకు కెమెరా గొట్టం పెట్టి కత్తిరించినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు జట్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. వాళ్లంతా వయసుతో మెత్త అరిగి చిరిగినవాళ్లు. కబడ్డీలో కాలు మెలిపడి, మోకాలు బిగుసుకుపోయి చాపలేని కుర్రాడి సంగతి వేరు. వాడి స్కాను ఆలస్యం చేయకూడదు, ఆపరేషన్ కూడా అవసరం పడొచ్చు.

యాభై దాటినవాళ్లకు ముందు నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే కీలు ఎంత అరిగిందో చాలావరకు తెలుస్తుంది, ఖర్చూ తక్కువ. మీ పేజీలో ఈ విషయం కూడా రాస్తే బాగుంటుంది. ఇంకొకటి. ఇంతకుముందు మెనిస్కస్‌కు కుట్లు పడినవాళ్లు ఆ ఆపరేషన్ కాగితాలు, పాత ఫిల్ములు తప్పకుండా వెంట తెచ్చుకోవాలని రాయండి. మానిన చోట కూడా తెల్ల గీత చాలాకాలం కనబడుతుంది. కాగితం లేకపోతే దాన్ని కొత్త చీలికగా రాసేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎమ్మారై టెక్నీషియన్,
పెరంబూరు, చెన్నై