చిగురుగుంట బంగారం: శుద్ధి సంగతి కూడా అడగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులను తిరిగి తెరిపించే విషయమై పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే వార్తలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. కోలార్ గనులతో పాటు 2001లో మూతపడిన ఆ గనుల్లో మళ్లీ పని మొదలైతే నాలుగు కుటుంబాలు బతుకుతాయన్న ఆశ సహజమే, దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే భూమిలో ఎంత బంగారం ఉంది, ఎంతమందికి ఉద్యోగాలు వస్తాయి అన్న రెండు ప్రశ్నల దగ్గరే చర్చ ఆగిపోతోంది. రాతి నుంచి ఆ బంగారాన్ని ఎలా వేరుచేస్తారు, వేరుచేసిన తర్వాత మిగిలే పొడిని, నీటిని ఎక్కడ ఉంచుతారు అన్న ప్రశ్న వినబడడం లేదు. రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఆ ప్రశ్ననే మీ పాఠకుల ముందు ఉంచదలచాను.

ముడి ఖనిజం నుంచి లోహాన్ని రాబట్టే పద్ధతి ఆ లోహపు చర్యాశీలతను, అంటే అది ఇతర పదార్థాలతో ఎంత చురుగ్గా కలుస్తుందో దానిని బట్టి మారుతుంది. పదో తరగతి పిల్లలు పొటాషియంతో మొదలుపెట్టి బంగారం దాకా వల్లించే చర్యాశీలత శ్రేణిలో పైనున్న లోహాలు ఆక్సిజన్‌ను ఒక పట్టాన వదలవు. అందుకే అల్యూమినియం ఆక్సైడ్ అయిన అల్యూమినాను, కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపి, సుమారు 950 డిగ్రీల సెల్సియస్ వేడిలో విద్యుత్తు పంపితే తప్ప అల్యూమినియం రాదు. అలా కిలో లోహం తీయడానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు కావాలి. మధ్యలో ఉన్న ఇనుముకు బొగ్గు సరిపోతుంది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో ఉన్నటువంటి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడే ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఇనుము కంటే కింద ఉన్న రాగి మరింత నిదానమైన లోహం, తిరుమలలో అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రేకులు శతాబ్దాలు గడిచినా మనకు దక్కాయంటే ఆ నిదానం కూడా ఒక కారణమే. అట్టడుగున ఉన్న బంగారం గాలితోనూ నీటితోనూ కలవదు కాబట్టి చాలావరకు లోహరూపంలోనే రాతిలో దొరుకుతుంది.

"లోహంగానే దొరికేటప్పుడు ఇంకేం, తవ్వి కరిగిస్తే సరిపోదా?" అని మా చిత్తూరులో చదువుకున్నవారు సైతం అడుగుతుంటారు. సరిపోదు. టన్ను రాతిలో ఉండేది కొన్ని గ్రాముల బంగారమే, అదీ చాలావరకు కంటికి ఆననంత సన్నని రేణువులుగా. రాతిని పిండి చేసి, పలుచని సోడియం సైనైడ్ ద్రావణంలో కలిపి గాలి పంపితే, మామూలు ఆమ్లాలకు లొంగని బంగారం అందులో కరుగుతుంది. గ్లాస్గో నగరంలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంటు పొందిన ఈ పద్ధతే నేటికీ బంగారు గనుల్లో ప్రధానంగా నడుస్తోంది. ఆ ద్రావణంలో జింక్ పొడి వేస్తే, ఎక్కువ చర్యాశీలత గల జింక్ తాను కరిగి బంగారాన్ని బయటకు నెట్టేస్తుంది. ఇటీవలి కర్మాగారాలు జింక్‌కు బదులుగా, కరిగిన బంగారాన్ని తన ఉపరితలానికి పట్టి ఉంచే ఉత్తేజిత కార్బన్‌ను వాడుతున్నాయి.

ఎక్కువ చర్యాశీలత గల లోహం తక్కువ దానిని ద్రావణంలోంచి నెట్టేసే ఈ సూత్రాన్ని మా బజారు వీధిలో బంగారం పనివారి దగ్గర కూడా చూడవచ్చు. పాత బంగారాన్ని రెండు మూడింతల వెండితో కలిపి కరిగించి, నత్రికామ్లంలో కాచితే, ఎర్రటి పొగలు లేస్తూ వెండి, రాగి ద్రావణంలోకి దిగిపోతాయి, గిన్నె అడుగున గోధుమరంగు పొడిగా బంగారం మిగులుతుంది. నీలిరంగు తిరిగిన ఆ ద్రావణాన్ని వంచి, అందులో ఒక రాగి రేకు ఉంచితే, కాసేపటికి దాని మీద బూడిదరంగు పొరగా వెండి పేరుకుంటుంది. రేకు మాత్రం పలచబడిపోతుంది. ప్రయోగశాలలు సరిగా లేని బడుల పిల్లలను, ఆ పొగలకు దూరంగా నిలబెట్టి, ఒక్కసారి ఇది చూపిస్తే శ్రేణిని బట్టీ పట్టించే పని ఉండదు.

ఇక గని దగ్గరి ప్రమాదం విషయం. సైనైడ్ ద్రావణాన్ని సున్నంతో ఎప్పుడూ క్షారంగా ఉంచాలి, ఆ క్షారతను కొలిచే పీహెచ్ అంకె 10 కంటే బాగా కిందికి దిగితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సైనైడ్ వాయువు వెలువడుతుంది. రాతిలో బంగారం గ్రాముల్లోనే ఉంటుంది కనుక తవ్వినదంతా దాదాపుగా వ్యర్థంగానే మిగులుతుంది. కుప్పం నుంచి కూతవేటు దూరంలో ఉన్న కోలార్ గనుల ఊరిలో సైనైడ్ దిబ్బలని పిలిచే ఆ గుట్టలు నేటికీ ఉన్నాయి, గాలి వీచినప్పుడు వాటి దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. రుమేనియాలోని బయా మరే వద్ద 2000 జనవరి 30న వ్యర్థాల చెరువు కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు నదుల్లో కలిసి, పక్క దేశమైన హంగేరీలో సైతం చేపలు గుట్టలుగా చచ్చాయి. సైనైడ్ ఎండకూ గాలికీ కొంతకాలానికి విరిగిపోతుందని, దానిని ముందుగానే నిర్వీర్యం చేసే పద్ధతులు ఉన్నాయని గనుల పక్షాన చెబుతారు, అది నిజమే. కాని బంగారు రాళ్లలో తరచుగా కనిపించే ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం నుంచి బయటపడే ఆర్సెనిక్ అనే విషం ఒక మూలకం కాబట్టి ఎన్నేళ్లు ఎండబెట్టినా విరిగిపోదు. బోరు వెయ్యి అడుగులు దించినా నీటిచుక్క పడుతుందన్న నమ్మకం లేని కుప్పం ప్రాంతంలో, ఆ నీటితోనే మల్బరీ, టొమాటో పండించుకునే రైతు ఈ మాటను తేలికగా తీసుకోలేడు.

పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇస్తే చాలు. ఆ సారాంశంలో వ్యర్థాల చెరువు గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి ఉంటుందని నేను అనుకోను. కాబట్టి శుద్ధి విధానం, వ్యర్థాల నిర్వహణ అధ్యాయాలను పూర్తిగా తెలుగులో అచ్చువేసి గుడుపల్లె మండలంలోని ప్రతి గ్రామ సచివాలయంలో అందుబాటులో ఉంచాలని, పని మొదలుకాక ముందే చుట్టుపక్కల బోర్లలోని నీటిని సైనైడ్, ఆర్సెనిక్‌ల కోసం పరీక్షించి ఆ అంకెలను గోడ మీద అంటించాలని, గని మూతపడ్డాక దిబ్బల బాధ్యత ఎవరిదో, అందుకు సొమ్ము ఎక్కడ జమచేస్తారో ఒప్పందంలోనే రాయించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు,
చిత్తూరు