లెడ్‌ఫీల్డ్ దారిలో ఒక రోజు

ఒరేయ్ మిత్రమా,

మొన్న ఫోన్లో "డెత్ వ్యాలీలో ఏముందిరా, ఇసుక తప్ప" అన్నావు. ఆ ఒక్క మాటకి జవాబే ఈ ఉత్తరం. తీరిక చేసుకుని చదువు.

ఇసుక సంగతి ముందు తేల్చేస్తాను. ఎక్కువ భాగం కాలిఫోర్నియాలో ఉన్న ఆ నేషనల్ పార్కు మొత్తంలో ఇసుక తిన్నెలున్నది నూటికి ఒక వంతు కూడా కాదు. మిగతాదంతా రాయి, కంకర, ఉప్పు. బ్యాడ్‌వాటర్ దగ్గర నేల సముద్రమట్టానికి 282 అడుగుల కిందికి ఉంటుంది. 1913 జులైలో ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్, ఈనాటికీ ప్రపంచ రికార్డు. వచ్చేవాళ్ళలో చాలామంది ఈ రెండూ చూసి వెళ్ళిపోతారు. నేను వెళ్ళింది పాడుబడ్డ గనుల కోసం. అందులోనూ లెడ్‌ఫీల్డ్ అనే ఊరి కోసం.

పొద్దున్నే నెవాడా వైపున్న బేటీ అనే ఊళ్ళో పెట్రోలు నింపుకుని ముందు రయొలైట్ అనే పాడుబడ్డ ఊరికి వెళ్ళాం. అక్కడిదాకా మామూలు కారైనా పోతుంది. 1904లో షార్టీ హారిస్, ఎడ్ క్రాస్ అనే ఇద్దరికి ఆ కొండల్లో బంగారు రాయి దొరికింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ బీడులో కరెంటు, కుళాయి నీళ్ళు, రైళ్ళు, మూడంతస్తుల బ్యాంకు! 1907 ఆర్థిక సంక్షోభంతో పెట్టుబడులు ఎండిపోయాయి, 1911లో పెద్ద గని మూతపడింది, 1916లో కరెంటు కూడా తీసేశారు. కలప దొరకని ఎడారి కదా, వదిలేసిన ఇళ్ళని విప్పుకుని పక్క ఊళ్ళకి మోసుకుపోయారు. మోయలేని కాంక్రీటు గోడలు మాత్రం మిగిలాయి. ఆ బ్యాంకు ముందు నుంచి చూస్తే నిలబడే ఉన్నట్టుంటుంది, పక్కకి నడిస్తే లోపలంతా ఆకాశమే. టామ్ కెల్లీ అనే ఆయన 1906లో సుమారు 50,000 ఖాళీ సీసాలు పేర్చి కట్టిన ఇల్లు కూడా ఉంది. ఆ కాలంలో అక్కడ ఇటుకల కంటే సీసాలే సులువుగా దొరికేవన్నమాట.

రయొలైట్ బాగుంది. కానీ కంచె అవతల నుంచి చూసే చోటు అది. నా మనసంతా లెడ్‌ఫీల్డ్ మీదుగా పోయే టైటస్ కాన్యన్ రోడ్డు మీదే ఉంది. బేటీ నుంచి కొద్ది మైళ్ళు వస్తే ఎడమా కుడీ ఏమీ లేని చోట కుడివైపుకి ఒక మట్టిరోడ్డు చీలుతుంది. సుమారు 27 మైళ్ళు, దాదాపు అంతా వన్‌వే. ఒకసారి దిగాక వెనక్కి తిరగడం ఉండదు. సెల్ సిగ్నల్ ఉండదు. అందుకే బండి సంగతి నీకు వివరంగా చెప్పాలి.

మొదటి మైళ్ళన్నీ చదునే, కాకపోతే రోడ్డంతా అడ్డంగా గీతలు పడి బండిని ఎముకలు కదిలేలా కుదుపుతుంది. అందుకే మొదట్లోనే ఆపి టైర్లలో గాలి కొంత తగ్గించాం. గాలి తగ్గితే టైరు మెత్తబడి నేల మీద పరుచుకుంటుంది, పదునైన రాయి గుచ్చుకోకుండా చుట్టూ ఒదుగుతుంది, పట్టు కూడా పెరుగుతుంది. తారు రోడ్డెక్కాక మళ్ళీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ దగ్గరుండాలి. స్టెప్నీ అసలు టైరు సైజుదే ఉండాలి, చిన్నది పెట్టుకుని ఆ రోడ్డు దిగకూడదు. నీళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ తక్కువ కాకుండా పట్టుకెళ్ళాలి. ఎండిన రోజుల్లో ఎత్తున్న బండి చాలు, ఫోర్ వీల్ అక్కర్లేదంటారు. నేను ఒప్పుకోను. దిగుడులో లో రేంజ్‌లో, అంటే బండిని బాగా నెమ్మదిగా నడిపే గేర్లలో పెట్టి, బ్రేకు మీద కాలు లేకుండా ఇంజనే బండిని పట్టి దింపుతుంటే వచ్చే నిశ్చింత వేరు.

చదును అయిపోయాక గ్రేప్‌వైన్ కొండలు మొదలవుతాయి. ఒక బండి మాత్రమే పట్టే దారి, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మలుపు మీద మలుపు. పైన రెడ్ పాస్, 5,250 అడుగులు. రాళ్ళు నిజంగానే ఎర్రగా ఉంటాయి. ఇదే రాతిపొరల్లో 1930ల్లో ఖడ్గమృగాన్ని పోలిన టైటనోథీర్ అనే జంతువు పుర్రె శిలాజం దొరికింది. ఇప్పుడు గడ్డిపోచ కరువైన చోట ఒకప్పుడు అంత పెద్ద జంతువు కడుపు నిండా మేసింది!

అక్కడ దిగి అవతలి వైపు చూస్తే కింద లోయలో నాలుగైదు తుప్పు రంగు చుక్కలు. అవే లెడ్‌ఫీల్డ్ రేకుల షెడ్లు.

ఇప్పుడు అసలు కథ. పేరులో ఉన్నట్టే సీసం (లెడ్) కోసం పుట్టిన ఊరు. 1926లో సి.సి. జూలియన్ అనే ఆయన ఇక్కడి గనుల కంపెనీలోకి వచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో చమురు షేర్లు అమ్మి పేరు మోసినవాడు. పత్రికల్లో ప్రకటనలు గుప్పించాడు. ఆ మార్చిలో లాస్ ఏంజెలెస్ నుంచి బేటీకి ప్రత్యేక రైలు వేయించి, షేర్లు కొనేవాళ్ళని వందల్లో తీసుకొచ్చి, అక్కడి నుంచి కార్లలో గని దగ్గరికి చేర్చాడు. ఊరు లేచింది. సుమారు 300 మంది జనం. ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు, 1927 జనవరిలో మూసేశారు. ఆరు నెలలు కూడా లేదురా! అనుమతుల్లేకుండా షేర్లు అమ్ముతున్నారని కాలిఫోర్నియా ప్రభుత్వం వెంటపడింది, సొరంగం లోపలికి వెళ్ళేకొద్దీ దొరికిన ఖనిజం నాసిరకమని తేలింది. కొన్నాళ్ళకి జూలియన్ దేశం వదిలి పారిపోయి 1934లో షాంఘైలో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఎవరిని అడిగినా లెడ్‌ఫీల్డ్ అంటే పచ్చి మోసం అంటారు. అక్కడికి వెళ్ళకముందు నేనూ అలాగే చదివాను. కానీ అక్కడ నిలబడితే ఆ మాట సరిపోదనిపించింది. మేము ఎక్కి దిగిన ఆ కొండదారి ఈ గనుల కోసం తొలిచిందే. మోసమే ఉద్దేశమైతే కాగితాలు అమ్ముకుని ఊరుకోవచ్చు, ఇంత కొండని కొట్టడం దేనికి? షెడ్ల వెనక సొరంగం ఉంది, నిజంగా రాయిని పగలగొట్టి వేసిన సొరంగం. దాని కింద వాలులో పోసిన రాతి గుట్ట చూస్తే ఎంతమంది ఎన్నాళ్ళు తవ్వితే అంత బయటికి వచ్చిందో అనిపిస్తుంది. ఆ కూలీలు సీసం ఉందనే తవ్వారు. సీసం ఉంది కూడా, అమ్మితే గిట్టేంత లేదు, అంతే. ఆశ, అబద్ధం కలిసిపోయిన చోటు అది, రెంటినీ విడదీయడం నావల్ల కాలేదు. పొదుపు సొమ్ము పోగొట్టుకున్న వాళ్ళ మీద నాకు బోలెడంత జాలి కలిగింది. జూలియన్ మీద మాత్రం కలగలేదు.

సొరంగాల్లోకి వెళ్ళలేదు, నువ్వూ వెళ్ళకు. కుళ్ళిన దూలాలు, కనిపించని నిలువు గోతులు, ప్రాణవాయువు లేని గాలి, వీటిలో ఏదీ బయట నుంచి తెలియదు. రాతి గుట్టల దుమ్ములో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. అక్కడ తుప్పు పట్టిన మేకు కూడా తీసుకురావడం నేరం, అది నాకు నచ్చిన నియమం. రయొలైట్‌లా మోసుకుపోయి ఉంటే ఈ షెడ్లూ మిగిలేవి కావు.

అక్కడి నుంచి కిందికి క్లేర్ స్ప్రింగ్ అనే ఊట, దాని పక్కన బండల మీద ఆదివాసులు చెక్కిన బొమ్మలు. గనివాళ్ళు రాకముందు నుంచే ఆ నీళ్ళు మనుషులకి తెలుసు, ఇప్పటికీ కొండగొర్రెలకి అవే ఆధారం. చివరి ఘట్టం ఇరుకు లోయ: కొన్నిచోట్ల వెడల్పు 20 అడుగులు, రెండు పక్కలా వందల అడుగుల గోడలు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది, 50 కోట్ల ఏళ్ళు పైబడినది. ఎక్కడో పైన వాన పడినా ఈ ఇరుకులోకి వరద వచ్చేస్తుంది, అందుకే వేసవిలో ఆ దారి మూసేస్తారు.

నువ్వు వస్తే డిసెంబరు, మార్చి మధ్య రా. వరదకి రోడ్డు కొట్టుకుపోతే నెలల తరబడి తెరవరు, కాబట్టి టికెట్లు తీసే ముందు నాకు చెప్పు, పార్కువాళ్ళ రోడ్ల సమాచారం చూసి చెప్తాను. టైటస్ మూసి ఉంటే స్కిడూ అనే ఇంకో పాత గని ఊరికి వెళ్దాం. అక్కడ బంగారు రాయిని దంచడానికి 23 మైళ్ళ దూరం నుంచి గొట్టం వేసి నీళ్ళు తెచ్చారు, ఆ దంపుడు మిల్లు ఇంకా ఉంది. బండి నేను చూసుకుంటా, నువ్వు గట్టి బూట్లు కొనుక్కో. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ నేస్తం