మైల ఉన్న మనిషి సంగీతం వినకూడదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను పెరంబూరులో ఉంటానండి, మద్రాసు వచ్చి నలభై ఏళ్ళు దాటింది (చెన్నై అనడం నాకింకా నోరు తిరగదు), రిటైరయ్యాక పొద్దున్నే పేపర్ చదవడం, సాయంత్రం వయొలిన్ గీకడం ఇవే నా పనులు. పేపర్‌కి ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా ఫ్రెండు ఒకాయన పోయిన ఆషాఢంలో పోయాడు. ఆయన మృదంగం, నేను వయొలిన్, ముప్ఫై ఏళ్ళు ఆదివారం పొద్దున మా ఇంట్లో కూర్చునేవాళ్ళం, పెద్ద విద్వాంసులమేం కాదు, ఇద్దరం కలిసి స్టేజీ ఎక్కింది మా కాలనీ వినాయక చవితికే. వస్తూనే చెప్పులు విడుస్తూ "చెల్లెమ్మా, కాస్త రవ్వ" అనేవాడు మా ఆవిడతో. తెలియని వాళ్ళకి చెప్తున్నా, మృదంగం ఎడమ మూత మధ్యలో బొంబాయి రవ్వ నీళ్ళతో ముద్ద చేసి అతికిస్తారు, అది ఉంటేనే ఆ గుమ్‌మనే శబ్దం దిగుతుంది, వాయించడం అయ్యాక గీరెయ్యాలి. ఆయన ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిన ఏటీఎం కార్డుతో గీరి ఆ ముద్ద బాల్కనీ గోడ మీద పెట్టేవాడు, కాకులకి ఎంత అలవాటైపోయిందంటే తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే వచ్చి కూర్చునేవి. నా వయొలిన్‌ని దొరల వాయిద్యం అని ఏడిపించేవాడు, బాలుస్వామి దీక్షితులు 200 ఏళ్ళ కిందటే దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడయ్యా అంటే "అందుకే ఇంకా నీకు శృతి కుదర్లేదు" అనేవాడు.

పదో రోజు పిండం పెడితే కాకి ముట్టలేదు, అందరూ ఎండలో నిలబడి ఆయనకి ఏం కోరిక మిగిలిపోయిందో, కూతురి గురించా, ఇంటి గురించా అని తలో మాటా అంటున్నారు, నాకు మాత్రం లోపల అన్నం కాదర్రా రవ్వ పెట్టండి అనిపించింది, పైకి అన్లేదు.

తర్వాత వాళ్ళావిడ, మా వదినగారు, మృదంగం మా ఇంటికి పంపించేశారు, అటక మీద పెడితే ఎలుకలు కొరుకుతాయి అన్నయ్యగారూ అని. వానలకి వార్లు సాగిపోయి డబ్బా కొట్టినట్టుంటే 29సీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని మైలాపూరు తీసుకెళ్ళా, అక్కడ బాగుచేసే అతను రాయి, కొయ్యముక్క పట్టుకుని అంచు చుట్టూ కొడుతూ కుడి మూతని శృతికి తెచ్చాడు. ఆ ఆదివారం ఊరికే పక్కన పెట్టుకుని కూర్చుని షడ్జం (అదే, ‘స’ స్వరం) మీద కమాను ఒక్కసారి గట్టిగా లాగి ఆపానండి, నా తీగ ఆగిపోయాక కూడా పక్కన మృదంగం సన్నగా మోగుతోంది, ఎవరూ ముట్టుకోకుండా. దెయ్యమూ లేదు ఏమీ లేదు, శృతి కలిస్తే రెండోది కూడా కదులుతుంది, అనునాదం అని స్కూల్లో చదువుకున్నదే. అయినా నేను కమాను కింద పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

ఈ సంగతి మా ఆవిడ ఫోన్‌లో చెప్తే వదినగారు తర్వాతి ఆదివారం వచ్చారు. ఏం మాట్లాడలేదు, మృదంగం పక్కన చాప మీద కూర్చున్నారు, నేను వాయిస్తుంటే మోకాలి మీద తాళం వేస్తున్నారు, ముప్ఫై ఏళ్ళు ఆ తాళం విన్న మనిషి కదా. ఆయన ముక్తాయింపు (ముగింపు జతి) వేసే చోట నేను అలవాటు కొద్దీ ఇప్పటికీ ఆగుతాను, ఆ ఖాళీలో ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు, లెక్క తప్పకుండా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చింది.

ఇప్పుడు అసలు గొడవ. నాలుగు వారాలు వచ్చారో లేదో మాటలు మొదలు. మొగుడు పోయి ఆర్నెల్లు కాలేదు కచేరీలు వింటోందట అని ఒకరు, ఏడాది తిరిగేదాకా వాయిద్యం ఉన్న చోటికి వెళ్ళకూడదని ఇంకొకరు, వాళ్ళ చుట్టాల్లో ఒక పెద్దావిడైతే మా ఇంటికే వచ్చి మీకైనా తెలియొద్దా అని అడిగింది. వదినగారు రావడం మానేశారు. నాకు ఒళ్ళు మండి ఈ ఉత్తరం రాస్తున్నా.

అయ్యా, పుష్య బహుళ పంచమి ఏమిటండీ? త్యాగరాజస్వామి 1847లో దేహం చాలించిన తిథి. తద్దినం రోజే కదా మనం ఆరాధన అని ఊరూరా చేసేది! తిరువయ్యారులో ఆయన సమాధి ముందు వందల మంది కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం, ఈ ఐదు రాగాల్లో ఆయన పంచరత్న కీర్తనలు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుంటారు, అన్నీ తెలుగువాడి మాటలే... మొదటిది సంస్కృతంలో ఉందిలెండి, మా ఫ్రెండు ఉంటే ఈపాటికి దిద్దేవాడు. అక్కడ గుడి కట్టించింది ఎవరు, బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని, 1920ల్లో, తన సొంత సంపాదన పెట్టి. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళని పాడనివ్వకపోతే ఆవిడ వేరేగా ఆడవాళ్ళ చేతే ఆరాధన చేయించింది. 1952లో పోయింది, ఆవిడ సమాధీ అక్కడే ఉంది. చావు జ్ఞాపకంగా పాడుకోవడం తప్పయితే ముందు తిరువయ్యారు మూయించాలి.

అంతదాకా ఎందుకు, మా ఉత్తర మద్రాసులో వ్యాసర్పాడి, పులియంతోపు వైపు మనిషి పోతే రాత్రి శవం దగ్గర కూర్చుని పాడతారు, మరణ గానా అంటారు, పోయినవాడి పేరు, వాడి మంచీ చెడూ అన్నీ అందులోనే వస్తాయి. పొద్దున డప్పులతో సాగనంపుతారు. వాళ్ళకి లేని మైల మనకే ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే అర్థం కాదు.

పోయిన వారం నేనే వాళ్ళింటికి వెళ్ళా. రండి అని బతిమాలలేదు, పుష్యమాసం వస్తోంది వదినా, ఐదు కీర్తనలూ ఆది తాళమే, నాకు తాళం వేసేవాళ్ళు లేరు అన్నా. ఆవిడ లోపలికి వెళ్ళి ఏటీఎం కార్డు తెచ్చి చేతిలో పెట్టారు, అంచుకి ఇంకా రవ్వ ఎండి అంటుకునుంది. మృదంగం ఊరికే ఉంచొద్దు, ఎవరైనా నేర్చుకునే పిల్లాడు వాయిస్తానంటే నేనూ వస్తా, ఎవరేమన్నా సరే అన్నారు.

కాబట్టి పెరంబూరు, విల్లివాక్కం, అయనావరం చుట్టుపక్కల మృదంగం నేర్చుకుంటున్న పిల్లలుంటే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, ఆది తాళం నిలబడితే చాలు, ఆదివారం పొద్దున తొమ్మిదికి పంపించండి, మీ ఆఫీసులో నా అడ్రసు ఇచ్చి ఉంచుతా. ఒకటిన్నర శృతి మృదంగం, కొంచెం బరువు. రవ్వ మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై