రోమాల చరిత్ర పిల్లలందరికీ పాఠం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

అంతర్జాతీయ రోమా దినోత్సవమైన ఏప్రిల్ 8న మీ పత్రిక ప్రచురించిన వ్యాసం చదివాను. ఐరోపాలో జిప్సీలని పిలిచే రోమాల పూర్వీకులు వెయ్యేళ్లకు పూర్వమే వాయవ్య భారతం నుంచి తరలివెళ్లినవారని, వారి భాషలో హిందీకి దగ్గరగా ఉండే మాటలు నేటికీ ఎన్నో ఉన్నాయని, వారి జెండా మీది చక్రం మన అశోక చక్రాన్ని తలపిస్తుందని వ్యాసకర్త వివరంగా రాశారు. చెప్పినవన్నీ నిజాలే. కాని వ్యాసం అక్కడితో ఆగిపోయింది. ‘వాళ్లు మనవాళ్లే’ అని మురిసిపోయే మనమే, ఐరోపా యాత్రకు బయలుదేరే బంధువులకు ‘స్టేషన్ల దగ్గర జిప్సీలుంటారు, పర్సు జాగ్రత్త’ అని వాట్సాప్‌లో సందేశాలు పంపుతుంటాం. మూలాలు తెలిసినంత మాత్రాన దురభిప్రాయం పోదు. అది పోవాలంటే రోమాల చరిత్రను బడిలో, పిల్లలందరికీ, మామూలు చరిత్ర పాఠంలో భాగంగానే బోధించాలన్నది చాలాకాలం సాంఘిక శాస్త్రం చెప్పిన నా అభిప్రాయం.

ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీ కూడా రోమాల చరిత్రను పాఠ్య ప్రణాళికల్లో, బోధన సామగ్రిలో చేర్చాలని 2020 జులై 1న సభ్య దేశాలకు సిఫారసు చేసింది. సిఫారసు చట్టం కాదు కనుక ఏ దేశం ఎంత చేస్తే అంతే. అక్కడి పాఠ్యపుస్తకాల్లో రోమాల ప్రస్తావన వచ్చినా చాలావరకు నాజీల మారణకాండ పాఠంలోనే, అదీ యూదుల గురించి చెప్పాక ‘రోమాలు కూడా’ అన్నట్టుగా వస్తుంది.

అలా ఒక్క ముక్కతో సరిపెడితే ఏమవుతుందో సెటెలా స్టైన్‌బాక్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ నాజీ నిర్బంధ శిబిరం నుంచి 1944 మే 19న ఆష్విట్జ్ మరణ శిబిరానికి బయలుదేరిన రైలును, అక్కడే బందీగా ఉన్న ఒక యూదు ఛాయాగ్రాహకుడు శిబిరాధికారి ఆదేశం మీద చిత్రీకరించాడు. గూడ్సు పెట్టె తలుపుల సందులోంచి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల కొద్ది క్షణాలు బయటికి చూస్తుంది. యుద్ధం ముగిశాక ఆ దృశ్యం పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో యూదుల మారణహోమానికి గుర్తుగా స్థిరపడిపోయింది. ఆ పిల్ల యూదుల బిడ్డేనని అందరూ నమ్మారు. 1994లో ఆద్ వాగెనార్ అనే డచ్ పాత్రికేయుడు పాత రికార్డులు వెతికి, బతికి ఉన్న సాక్షులను కలిసి, ఆమె రోమాలలో ఒక శాఖ అయిన సింతీలకు చెందిన తొమ్మిదేళ్ల సెటెలా అని తేల్చాడు. ఆ రోజు రైలులో 245 మంది సింతీలు, రోమాలు ఉన్నారు. శిబిరంలో గుండు గీసేయడం వల్ల ఆమె చింపిన దుప్పటి పీలికను తలకు చుట్టుకుంది. ఆ వేసవిలోనే ఆష్విట్జ్‌లో ఆమెను చంపేశారు. అర్ధ శతాబ్దం పాటు ఆ ముఖాన్ని ఎందరో చూశారు. ఆమె జాతివారిని కూడా అలాగే తరలించారన్న ఎరుక లేనందువల్ల ఎవరికీ అనుమానం రాలేదు. నేనైతే ఈ ఒక్క ఫొటో పెట్టుకుని పీరియడంతా పాఠం చెబుతాను.

అయితే మారణకాండతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తే పిల్లలకు జాలి కలుగుతుంది తప్ప చులకన భావం పోదు. తరగతిలో లేచే ప్రశ్న వేరు: వాళ్లు ఒకచోట ఎందుకు ఉండరు, ఎందుకు చదువుకోరు? నిజానికి నేడు రోమాలలో అత్యధికులు స్థిర నివాసం ఉన్నవారే. ఇక పూర్వం సంగతి చూస్తే, నేటి రొమేనియా ప్రాంతంలోని వలాకియా, మోల్దావియా సంస్థానాల్లో వారు 14వ శతాబ్దం నుంచి రాజులకు, మఠాలకు, భూస్వాములకు బానిసలు. 1855లో మోల్దావియా, 1856లో వలాకియా వారిని విడుదల చేసినప్పుడు పరిహారం దక్కింది యజమానులకు! స్పెయిన్‌లో 1749లో దేశమంతటా వారిని ఒక్కసారిగా పట్టుకుని, మగవారిని ఆడవారి నుంచి విడదీసి నిర్బంధించారు. స్వీడన్ 1914 నుంచి 1954 వరకు రోమాలను దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. అంటే నాజీల నుంచి ప్రాణాలు కాపాడుకోవడానికి వచ్చేవారికి కూడా ఆ తలుపు మూసే ఉంది. ఇవన్నీ చదివిన విద్యార్థి ఆ ప్రశ్నను రోమాలను కాదు, ఆ దేశాల ప్రభుత్వాలను అడుగుతాడు.

చదువు మాటకు వస్తే, చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రవా నగరంలో మానసిక వైకల్యం గల పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడులకు రోమా పిల్లలను పంపేవారు. మిగతా పిల్లలకన్నా రోమా బిడ్డ అలాంటి బడికి వెళ్లే అవకాశం 27 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. 18 మంది విద్యార్థుల తరఫున వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అది వివక్షేనని 2007 నవంబరు 13న తీర్పు చెప్పింది. అయినా రోమా బిడ్డ పక్కన తమ బిడ్డను కూర్చోబెట్టడానికి ఇష్టపడని తల్లిదండ్రుల మనసును ఏ కోర్టూ మార్చలేదు.

తమ హక్కుల కోసం రోమాలు, సింతీలు స్వయంగా పోరాడారన్నది కూడా పాఠంలో ఉండాలి. 1980లో జర్మనీలోని డహావ్‌లో, ఒకప్పటి నాజీ నిర్బంధ శిబిరంలో సింతీలు నిరాహార దీక్షకు కూర్చున్నారు. తమవారి మీద జరిగింది జాతి హత్యాకాండేనని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం చేత ఒప్పించడానికి 1982 వరకు పట్టింది.

ఉపాధ్యాయులకు ఒక జాగ్రత్త చెప్పాలి. మాది బాపట్ల జిల్లా. బ్రిటిష్ పాలనలో 1871 నాటి నేరస్త తెగల చట్టం కొన్ని తెగల్లో పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. ఆ చట్టం నీడలోనే ఎరుకలవారి కోసం స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. 1952లో చట్టం రద్దయినా, ఆ ఊరి పిల్లవాడు బయటి బడిలో తన ఊరి పేరు చెబితే వెనుక బెంచీల్లో మొదలయ్యే గుసగుసలు నాకు తెలుసు. అలాంటి పిల్లవాణ్ని లేపి ‘మీవాళ్ల గురించి నువ్వే చెప్పు’ అనడం ఎంత మంచి ఉద్దేశంతోనైనా శిక్షే. రోమాల పాఠం చెప్పేటప్పుడు రోమా విద్యార్థి వైపు కళ్లన్నీ తిరగకుండా చూసుకోవడం ముందుగా ఉపాధ్యాయుడికి నేర్పాలి.

1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్-బిర్కెనావులోని రోమా శిబిరంలో మిగిలినవారిని, వేల సంఖ్యలో, గ్యాస్ గదులకు పంపారు. 2015లో యూరోపియన్ పార్లమెంటు ఆ తేదీని స్మారక దినంగా గుర్తించింది. ఐరోపాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు రోమా పిల్లలతో కలిసి చదువుకుంటున్నారు కనుక, వచ్చే ఆగస్టు 2న మీ విద్యార్థుల పేజీని ఈ చరిత్రకు కేటాయించాలని, అందులో మారణకాండతో పాటు వలాకియా బానిసత్వం గురించి కూడా రాయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బాపట్ల జిల్లా